మబ్బు గడి

చంద్రపూర్ ఆఫీసులో ఏసీ కింద
పదకొండు రోజులు కూర్చుని చేసిన ఫారం అది.
తేదీకో గడి, కల్లానికో గడి,
తునికాకు కట్టలెన్ని, ఎండినవెన్ని, సంచికెక్కినవెన్ని.
ఏ గడీ నింపకుండా వదిలినా
ఎర్రచుక్క పెట్టి చెవి మెలేసే ఏర్పాటూ చేశాను.
మెయిలు విప్పగానే కొత్త గొడుగులా విచ్చుకునేది.
ఉరకుడే సాహెబు రెండుసార్లు మూసి
రెండుసార్లు తెరిచి చూసుకున్నారు.

సిరోంచలో విచ్చుకోలేదు.

"మెయిలు వచ్చింది సార్, లోపల ఏం లేదు"
జాడి సుగుణ ఫోను.
"ఏం లేదంటే?"
"ఏం లేదంటే ఏం లేదు. తెల్లగున్నది.
కింద ఇంగ్లీషుల ఒక్క ముక్క,
ఈ ఫారం చూపలేమని."

ఫారం అచ్చు మా గోడల మధ్య సర్వర్లో ఉంది.
గడప దాటితే దానికి రూపం లేదు.
ఇది నాకు తెలుసు.
తెలిసే, "మీ కంప్యూటరు పాతది" అన్నాను.
ప్రాణహిత చేపముల్లులా ఆ మాట
ఇప్పటికీ గొంతులోనే ఉంది.

"పోనీ, ఏమేం గడులున్నయో చదువుండ్రి" అంది.
విసుగ్గా చదివాను. పెట్టేశాను.

మే నెల రెండోవారం నన్నే పంపారు.
ఆలపల్లి దాటాక బస్సులో
అందరి ఫోన్లూ ఒక్కసారే మూగబోయాయి.
సిరోంచలో దిగానో లేదో
నా ఫోను తెలంగాణకు స్వాగతం పలికింది.
నది అవతలి టవరు అది.
ఇవతలి ఆఫీసు దాని దయ మీద బతుకుతోంది:
కిటికీ ఊచకు దారంతో కట్టిన ఫోను,
దాని వైపు మెడ చాచిన ఒకే ఒక్క కంప్యూటరు,
కీబోర్డు మీద తుండుగుడ్డ.

బల్ల మీద నా ఫారం.

పాత క్యాలెండరు కాగితాల వెనక
స్కేలు పెట్టి గీసింది, పెన్సిలుతో.
గడి గడికీ నేను విసుక్కుంటూ చదివిన మాటలే,
నా విసుగు మాత్రం లేదు.
తొమ్మిది కల్లాలకు తొమ్మిది కాగితాలు
పొద్దున బండి మీద పోయి, మాపటికి తిరిగొస్తే
ఫోటో తీసి పంపేదట.
ఎవరో ఎక్కించుకునేవారు. నేను ఒక్కటీ చూడలేదు.

చివరి గడి నాది కాదు.
"ఇదేంటి?"
"మబ్బు, సార్."
"మబ్బా?"
"ఎండినయెన్నో అడిగిండ్రు గదా.
మబ్బెటు దిక్కున్నదో తెల్వంది
అదేం లెక్క? పొద్దుగాల ఎండిన ఆకే
మాపటికి నల్లవడ్తది."

అంకీస: పడమర, అరచెయ్యంత.
ఆసరెల్లి: లేదు.
టేకడా: గోదారవతల ఉరుముతున్నది,
మా దిక్కు ఇంకా రాలే.

ఆ రాత్రి కరెంటు పోయి వచ్చే సందుల్లో
నా ఫారాన్ని నేనే విరిచాను.
రంగులు తీసేశాను. చుక్కలు తీసేశాను.
గొడుగు పోయి కర్ర మిగిలింది:
మామూలు ఉత్తరం కడుపులోనే
ఒకటి నుంచి పది దాకా పది వరుసలు,
తెలుగులో, ఉత్త అక్షరాలు.
పగిలిన ఫోనులోనైనా తెరుచుకుంటుంది,
పక్కనే జవాబు రాసి తిప్పి పంపడమే.
పదో వరుస: మబ్బు ఎటు?

సుగుణ చదివింది. ఏడో వరుసలో
నా అక్షరదోషం దిద్దింది.
"గింతే గదా సార్" అంది.
గింతే.

మర్నాడు పొద్దున ఆరున్నరకు
అంకీస నుంచి మొదటి జవాబు.
తొమ్మిది వరుసలూ ఖాళీ.
పదో దాని పక్కన మాత్రం:
దక్షిణం. వస్తున్నది. మనుషుల్ని తోలుండ్రి.

ఎర్రచుక్కలుంటే ఆ మెయిలు
అంకీస దాటేది కాదు.
ఇటు తిరిగి ఆ మాట చెబుదామనుకునే సరికి
సుగుణ కుర్చీలో లేదు.
షెడ్డు వెనక తాడిపత్రులు లాగుతున్న చప్పుడు,
"నిలబడి ఏం చూస్తున్నవ్ సార్,
ఆ కొస పట్టు."